రెండెకరాలకు ఒకే ఎత్తట!

రైతు రెండెకరాల చేను కొనాలంటే ముందు చుట్టూ తిరిగి చూస్తాడు. ఏ మూల మిట్ట, ఏ మూల పల్లం, వానొస్తే నీళ్లు ఏ గెనిమ కోసుకుని పోతాయి, పక్క చేని నీళ్లు మన మీద పడతాయా, మన నీళ్లు వాళ్ల మీద పడతాయా, అన్నీ తేల్చుకున్నాకే బయానా చేతిలో పెడతాడు. నల్లరేగడిలో జానెడు పల్లం ఉన్నా విత్తనం కుళ్లిపోతుందని నంద్యాల చుట్టుపక్కల పల్లెల్లో పసిపిల్లలకూ తెలుసు. తెలియనిది ఒక్కరికే. మన ఏర్ల గురించి, మన వరదల గురించి, మన ముంపు గురించి రంగురంగుల పటాలు గీసి నివేదికలు రాసే పెద్దలకు. వాళ్ల కంప్యూటర్లో ఆ రెండెకరాలకు ఉండేది ఒకే ఒక్క అంకె. మిట్టకూ అదే, పల్లానికీ అదే, నడుమ పారే వంకకూ అదే.

ఎగతాళికి అంటున్న మాట కాదిది. లెక్క చూడండి. 2000 ఫిబ్రవరిలో అమెరికా వాళ్ల ఎండీవర్ స్పేస్ షటిల్ పదకొండు రోజులు భూమి చుట్టూ తిరిగి రాడార్‌తో ఎత్తుపల్లాలు కొలిచింది. ఎస్.ఆర్.టి.ఎం. అని ఆ సమాచారానికి పేరు. తమ దేశానికి 30 మీటర్ల గడులు ఉంచుకుని, మిగతా ప్రపంచానికి 90 మీటర్ల గడులుగా ముద్ద చేసి ఇచ్చారు. గడి పొడవు 90 మీటర్లు, వెడల్పు 90 మీటర్లు. అంటే 8,100 చదరపు మీటర్లు. మన కొలతల్లో రెండెకరాలు. ఆ రెండెకరాలకూ కలిపి ఒకే ఎత్తు. 2014 నుంచి 30 మీటర్ల గడులది మిగతా దేశాలకూ విడుదల చేస్తూ వచ్చారు. అది గడికి 22 సెంట్లు. మన ఇస్రో 2005 మే 5న కార్టోశాట్-1 ఉపగ్రహాన్ని పంపింది. అది తీసిన జంట ఫోటోల నుంచి కార్టోడెమ్ తయారైంది. హైదరాబాదులోని ఎన్.ఆర్.ఎస్.సి. భువన్ ద్వారా ఉచితంగా ఇస్తున్నదీ 30 మీటర్ల గడులదే. కాలేజీల్లో ఎం.టెక్. థీసిస్‌ల నుంచి కన్సల్టెన్సీల నివేదికల దాకా మన ఏర్ల మీద మేం చూసిన పటాల్లో ఎక్కువ భాగం ఈ పునాది మీద కట్టినవే.

ఉచితంగా దొరికినదాన్ని వాడటం తప్పని మేం అనడం లేదు. మాబోటి పేద ప్రాంతానికి అదీ లేకపోతే ఏమీ లేదు. దానితో ఏం చెప్పవచ్చో, ఏం చెప్పకూడదో తెలియకపోవడం తప్పు. తెలిసీ పటం అడుగున గడి ఎంతో రాయకపోవడం దగా.

గడి పెరిగితే గట్టు మాయం

కంప్యూటర్ చేసే పనిలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ప్రతి గడి చుట్టూ ఎనిమిది గడులుంటాయి. వాటిలో ఏది బాగా పల్లంగా ఉంటే నీళ్లు దాంట్లోకి పోతాయని రాసుకుంటుంది. అక్కడ నుంచి ఇంకో గడికి, ఇంకో గడికి. ఇలా లక్షల గడుల మీద నడిచి, ఎక్కువ గడుల నీళ్లు చేరే చోట వంక గీస్తుంది. వంకలు కలిసే చోట ఏరు గీస్తుంది. ఏ గడి నీళ్లు ఏ ఏటికి పోతాయో చూసి పరీవాహక ప్రాంతానికి హద్దు గీస్తుంది. నేల వాలు ఎంత, చదరపు కిలోమీటరుకు ఎన్ని వంకలు, ఏటి పొడవు ఎంత, కొండ మీద పడిన వాన ఎన్ని గంటల్లో ఊరికి చేరుతుంది - ఈ లెక్కలన్నీ ఆ గడుల్లో నుంచి పుట్టినవే. గడి తప్పైతే పైన కట్టిన మేడంతా తప్పే.

ఒక ఉదాహరణ. ఏటి గట్టు 6 మీటర్ల ఎత్తు ఉంది. అది 12 మీటర్ల దూరంలో కిందికి దిగిందనుకుందాం. నేల మీద వాలు 50 శాతం. ఎద్దు కూడా కాళ్లు చూసుకుని దిగే గట్టు అది. కంప్యూటర్ ఒక గడి వాలు కట్టేటప్పుడు అటు గడి ఎత్తు, ఇటు గడి ఎత్తు చూసి వాటి మధ్య దూరంతో భాగిస్తుంది. 30 మీటర్ల గడుల్లో ఆ దూరం 60 మీటర్లు. 6ను 60తో భాగిస్తే వాలు 10 శాతం. 90 మీటర్ల గడుల్లో దూరం 180 మీటర్లు. వాలు 3 శాతం చిల్లర. అదే గట్టు, అదే ఏరు. గడి మారేసరికి గట్టు చదును చేనైంది.

వాలు తగ్గితే నీళ్లు నెమ్మదిగా వస్తాయని లెక్క తేలుతుంది. ఇంకోవైపు, వంపులు తిరిగే ఏటిని పెద్ద గడులు తిన్నగా లాగేస్తాయి కాబట్టి ఏటి పొడవు తగ్గి నీళ్లు తొందరగా వస్తాయని తేలుతుంది. చిన్న వంకలు గడిలో కరిగిపోతాయి. ఒక తప్పు వరదను వెనక్కి నెడుతుంది, ఇంకో తప్పు ముందుకు లాగుతుంది. రెండూ కలిపితే ఎటు తేలుతుందో దేవుడికెరుక. 1994లో జాంగ్, మాంట్‌గోమరీ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో రెండు చిన్న పరీవాహక ప్రాంతాలను 2, 4, 10, 30, 90 మీటర్ల గడులతో వేసి చూశారు. గడి మారిన కొద్దీ వాలూ మారింది, నీటి లెక్కా మారింది. 10 మీటర్ల గడి మధ్యేమార్గంగా పనికొస్తుందని, 30, 90 మీటర్ల గడులు అక్కడి వాలును పట్టుకోలేవని వాళ్లు తేల్చారు. ముప్పై ఏళ్లు దాటిన సంగతి ఇది. మా మేధావులకు ఇంకా అందలేదేమో!

ఆళ్లగడ్డలో శిల్పుల దగ్గరికి పోయి అడగండి, దిమ్మ పగలగొట్టే సమ్మెటతో దేవుడి కన్ను దిద్దుతారా అని. దిమ్మకు పెద్ద ఉలి, రెప్పకు సన్న ఉలి. నల్లమల ఎక్కడ లేచి ఎక్కడ దిగుతుందో చెప్పడానికి, కుందూ పరీవాహకం మొత్తం విస్తీర్ణం ఎంతో కట్టడానికి 30 మీటర్ల గడి సరిపోతుంది. మేమూ ఒప్పుకుంటాం. కొండ నిటారుగా నిలబడిన చోట పెద్ద ఉలి కూడా పెద్దగా తప్పదు. కొండ అడుగు నుంచి కుందూ దాకా పరుచుకున్న నల్లరేగడి మైదానం మాత్రం రెప్ప. నంద్యాల ఉన్నది ఆ రెప్ప మీద.

నేల చదును, లెక్క వంకర

కుందూ ఓర్వకల్లు మండలం ఉప్పలపాడు దగ్గర పుట్టి, ఎర్రమల నల్లమల నడుమ పల్లంలోకి దిగి, నంద్యాలను ఆనుకుని, కోవెలకుంట్ల ప్రాంతం మీదుగా కడప జిల్లాలో ప్రవేశించి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. దానికి నంద్యాల దుఃఖదాయని అని పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు. దుఃఖం ఏరు తెచ్చిందా? ఏటి పక్కన నేల ఎంత ఎత్తులో ఉందో కొలవకుండా లేఅవుట్లకు సంతకాలు పెట్టినవాళ్లు తెచ్చారా?

2019 సెప్టెంబరు మూడో వారంలో నంద్యాల, మహానంది, ఆళ్లగడ్డ ప్రాంతంలో కుండపోత కురిసింది. మహానంది గుడిలోకి నీళ్లొచ్చాయి. కుందూ, మద్దిలేరు, చామకాల్వ పొంగాయి. నంద్యాలలో పల్లపు వీధులు నీళ్లలో నిలబడ్డాయి. 21న అప్పటి ముఖ్యమంత్రి ఏరియల్ సర్వే చేశారు. హెలికాప్టర్లో నుంచి చూస్తే నీళ్లు కనిపిస్తాయి, వాటి కింద ఏ వీధి ఏ వీధికన్నా మూరెడు పల్లమో కనిపించదు. మూరెడు తేడాలోనే ఉంది మా బతుకు. గడప దాటి నీళ్లు ఇంట్లోకి వచ్చాయా, గడప దగ్గరే ఆగాయా అన్నదే తేడా.

ఎస్.ఆర్.టి.ఎం. ఎత్తులు మీటర్ల పూర్ణాంకాల్లో ఉంటాయి. 204, లేకపోతే 205. నడుమ ఏమీ లేదు. మైదానంలో నేల కిలోమీటరుకు ఒక మీటరు వాలిందనుకోండి. 30 మీటర్ల గడులు వరసగా 33 ఒకే అంకె చూపిస్తాయి. ఆ 33 గడుల్లో పడిన నీళ్లు ఎటు పోవాలి? కంప్యూటర్‌కు తెలియదు. ఏదో ఒక సూత్రం పెట్టి ఒక దిక్కుకు తోస్తారు. అక్కడ పటంలో కనిపించే నీలం గీత మన నేల గీసింది కాదు, సాఫ్ట్‌వేర్ గీసింది. 

పోనీ ఆ అంకె అయినా నిజమా? ఎస్.ఆర్.టి.ఎం. ఎత్తుల్లో లోపం 16 మీటర్లు దాటకూడదని పెట్టుకున్నారు. చాలాచోట్ల అంతకన్నా బాగానే వచ్చింది, కాదనం. కార్టోడెమ్‌కు పెట్టుకున్న హద్దు 8 మీటర్లు. యూరప్ వాళ్ల కోపర్నికస్ డెమ్‌కు 4 మీటర్లు. నాలుగు మీటర్లంటే ఒక అంతస్తు పైమాట. పక్కపక్క గడుల మధ్య ఇంత లోపం ఉండదని నిపుణులు సర్దిచెబుతారు. సరే, సగం చేయండి. రెండు మీటర్లు. నిలువెత్తు మనిషి మునిగిపోయే లోతు! మోకాటి లోతు నీళ్లకే సామాను పోగొట్టుకునే కాలనీ మునుగుతుందా లేదా అని ఈ పటం చూసి చెబుతారా?

పైగా ఊళ్లో రాడార్‌కు కనిపించేది నేల కాదు, మిద్దెలు. ఇళ్లు కిక్కిరిసిన చోట గడి ఎత్తు పెరుగుతుంది. అంటే ఎక్కువమంది బతికే వీధి ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు పటం చెబుతుంది. మద్దిలేరు, చామకాల్వలాంటి పాయలు 30 మీటర్ల గడిలో ఓ మూల ఇరుక్కుంటాయి, ఆ గడి ఎత్తును గట్టు మీది ఇళ్లే నిర్ణయిస్తాయి. ఊరిని ముంచే కాలువ పటంలో ఉండదు.

గుంత కనిపిస్తే పూడ్చేయడమే

ఇంకో విచిత్రం ఉంది. నీళ్లు నడిపించే ముందు సాఫ్ట్‌వేర్ చేసే మొదటి పని గుంతలు పూడ్చడం. చుట్టూ ఎత్తుగా ఉండి నడుమ పల్లంగా ఉన్న గడి కనిపిస్తే, అది కొలతలో దొర్లిన పొరపాటని అనుకుని అంచుదాకా నింపేస్తుంది. అలా నింపకపోతే నీళ్లు అక్కడే ఆగిపోయి ఏరు తెగిపోతుంది కాబట్టి. చాలా ప్రాంతాల్లో ఇది న్యాయమే. మరి మా దగ్గరో? కొలిమిగుండ్ల మండలంలో బెలూం గుహలున్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. 1980లలో జర్మన్ గుహాన్వేషకులు కొలిచారు. 3 కిలోమీటర్లకు పైగా పొడవు. వాటిలోకి దిగేది చదును చేలల్లో నోరు తెరిచిన గుంతల్లో నుంచే. సున్నపురాయి నేల అలాగే ఉంటుంది. నీళ్లు పైన పారకుండా గుంతలో దిగి లోపల నడుస్తాయి. సాఫ్ట్‌వేర్ దృష్టిలో బెలూం గుంత ఒక తప్పు. పూడ్చేసి దాని మీదుగా వాగు గీసేస్తుంది. పెద్ద గడుల పటంలో ఆ పూడ్చే కష్టం కూడా లేదు, గుంత గడిలోనే మాయమైపోతుంది. బనగానపల్లె, బేతంచెర్ల వైపు నాపరాతి గనులు, మన ఊరి కుంటలు, చెరువులు - నీళ్లు నిలిచే ప్రతి పల్లానికీ ఇదే గతి. కుంటలో ఆగే నీళ్లను కూడా ఏటికి పంపేసి, ఇంత వరద వస్తుందని ఒకసారి బెదిరిస్తారు. కుంటే లేనప్పుడు దాని తూముకూ కట్టకూ నిధులెందుకని ఇంకోసారి ఎగ్గొడతారు.

నల్లమల చెట్లు, మిట్టకందాల కోత

ఆళ్లగడ్డ వైపు రండి. ఇక్కడ తంటా వేరు. నల్లమల అడవిలో రాడార్ చాలాచోట్ల నేల దాకా దిగదు, కొమ్మల నడుమ నుంచే తిరుగుతుంది. ఫోటోలతో కట్టిన కార్టోడెమ్‌కు కనిపించేది చెట్ల తలలు. అడవి అంచున చెట్లు ముగిసి చేలు మొదలయ్యే చోట పటంలో లేని గట్టు ఒకటి లేస్తుంది. సరిగ్గా అక్కడే, కొండ అడుగున, వంకలు కొండ దిగి మైదానంలో పరుచుకుంటాయి. అహోబిలం భవనాశి గానీ, ఆళ్లగడ్డ, చాగలమర్రి వైపు పారే వక్కిలేరు గానీ అటు కొండనీ ఇటు మైదానాన్నీ నమ్ముకున్నవే. కొండ దిగిన వంక ఏ పక్కకు తిరుగుతుందన్నదే కింది ఊరికి ప్రాణం. పటం ఆ మలుపు దగ్గరే అబద్ధమాడుతుంది.

మనకు భవనాశులు రెండున్నాయి. అహోబిలం భవనాశి నీళ్లు కుందూ దారిన పెన్నకు పోతాయి. ఆత్మకూరు వైపు భవనాశి సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఒకే నల్లమల, ఒకే పేరు, రెండు బేసిన్లు. బేసిన్ లోపల, బేసిన్ బయట అనే ఈ రెండు మాటల మీద ట్రిబ్యునళ్లు నడిచాయి, పార్టీలు బతికాయి, మన నోటి దగ్గరి నీళ్లు తరాల తరబడి వాయిదా పడ్డాయి. మరి ఆ హద్దు ఎక్కడుంది? 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కె.సి. కెనాల్ తవ్వినప్పుడు, సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు ఎత్తుకుని, మిట్టకందాల దగ్గర కృష్ణా పెన్నా నడుమ మిట్టను కోసి కుందూ లోయలోకి దించింది. బచావత్ ట్రిబ్యునల్ ఆ కాలువకు 39.9 టి.ఎం.సి.లు కేటాయించింది. మిట్ట ఉంది, మిట్టలో కోత ఉంది, కోతలో నూటయాభై ఏళ్లుగా నీళ్లు పారుతున్నాయి. 90 మీటర్ల గడిలో ఆ కోత కరిగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌కు అక్కడ మిట్టే కనిపిస్తుంది. పారే కాలువను పటంలో ఆపగలిగినవాళ్లు మన పాలకులొక్కరే అనుకున్నాం. కంప్యూటర్ కూడా నేర్చుకుంది!

నీళ్లు కలిపిన పాలు

ఇన్ని చెప్పాక కొందరు తెలివైనవాళ్లు ఒక చిట్కా వేస్తారు. 90 మీటర్ల గడులను కంప్యూటర్లో పెట్టి 10 మీటర్ల గడులుగా కోస్తారు. పటం నున్నగా, ముచ్చటగా వస్తుంది. నివేదికలో 10 మీటర్ల రెజల్యూషన్ అని రాస్తారు. సేరు పాలలో నీళ్లు పోసి నాలుగు సేర్లు చేసినట్టు! పాలు పెరగలేదు, చెంబు నిండింది. ఒక సెమినార్లో ఇలాంటి పటం చూపిస్తుంటే మూల సమాచారం ఎన్ని మీటర్లదని మేం లేచి అడిగాం. టీ బ్రేక్ ఇచ్చారు.

ఇంకో మాయ తేదీలది. 30 మీటర్ల ఎస్.ఆర్.టి.ఎం. 2014 తర్వాత చేతికొచ్చింది కాబట్టి కొత్తదనుకునేరు. అందులో ఉన్నది 2000 ఫిబ్రవరి నాటి భూమి. ఆనాటికి కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ, కడప రోడ్డు నాలుగు వరసలు కాలేదు. నంద్యాల-ఎర్రగుంట్ల రైలు 2016లో గానీ కదల్లేదు. ఈ కట్టలన్నీ కొండ నుంచి ఏటికి దిగే నీళ్లకు అడ్డంగానో ఐమూలగానో లేచినవే. వాన నీళ్లు ఇవాళ పారేది ఈ కట్టల మధ్య. పటంలో పారేది పాతికేళ్ల కిందటి చేలల్లో.

సన్న గడి వస్తే అన్నీ తీరిపోతాయని కూడా మేం చెప్పం. మీటరు గడిలో రోడ్డు కట్ట బ్రహ్మాండంగా కనిపిస్తుంది, కట్ట కింద తూము మాత్రం కనిపించదు. పైనుంచి చూసే యంత్రానికి తూము ఎలా తెలుస్తుంది? అప్పుడు హైవే మొత్తం ఆనకట్ట అయిపోయి, కట్ట వెనక ఊళ్లన్నీ మునిగినట్టు లెక్క వస్తుంది. ఏ కల్వర్టు ఎక్కడుందో, ఎంత వెడల్పో, ఏది పూడిపోయిందో నడిచి చూసి పటంలో కోయాలి. అది లస్కర్లకు తెలుసు, వర్క్ ఇన్‌స్పెక్టర్లకు తెలుసు, పశువులు తోలే పిల్లలకు తెలుసు. వాళ్లను అడిగే గడి ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు.

ఒక మీటరు ఖరీదు

ఇదంతా పటాల మీద పేచీ, జనానికేమిటి అంటారా? కుందూ మీద రాజోలి దగ్గర 2.95 టి.ఎం.సి.లు, జోలదరాశి దగ్గర 0.8 టి.ఎం.సి. జలాశయాలకు 2019 డిసెంబరు 23న శంకుస్థాపన చేశారు. సీమలో నీళ్లు నిలపడాన్ని మేం వద్దనం. శ్రీబాగ్ ఒడంబడిక కుదిరిన 1937 నుంచీ మనం అడుగుతున్నది నీళ్లే. కానీ లెక్క వేయండి. 2.95 టి.ఎం.సి.లంటే 8 కోట్ల 35 లక్షల ఘనపు మీటర్లు. లోయలో నీళ్ల సగటు లోతు 4 మీటర్లనుకుంటే మునిగేది సుమారు 5,200 ఎకరాలు. 3 మీటర్లనుకుంటే సుమారు 6,900 ఎకరాలు. ఇవి ప్రాజెక్టు అంకెలు కావు, మేం వేసిన ఊహ లెక్క. ఊహలో ఒక మీటరు జరిగితే 1,700 ఎకరాలు జరిగాయి! కిలోమీటరుకు మీటరు వాలే నేలలో ఎత్తు ఒక మీటరు తప్పితే నీటి అంచు కిలోమీటరు తప్పుతుంది. ఆ కిలోమీటరులో ఎవరి చేను ఉంటే వాళ్లకు పరిహారం రాదు, నీళ్లు మాత్రం వస్తాయి.

ప్రాజెక్టుకు నేల మీద లెవెల్స్ తీస్తారని ఇంజనీర్లు చెబుతారు. మంచిది. తీసినవి చూపండి. ఏ బెంచిమార్కు నుంచి తీశారు, ఎన్ని మీటర్లకొక పాయింటు, ఏ సంవత్సరంలో, ముంపు గీత ఏ కాంటూరు మీద పడింది, తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించండి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో నంద్యాల, ఆళ్లగడ్డ రెండూ 57 ఐ గుంపులోకి వస్తాయి. 1:50,000 స్కేలు షీట్లో కాంటూరుకూ కాంటూరుకూ నడుమ సాధారణంగా 20 మీటర్లు. రెండు గీతల నడుమ ఊళ్లకు ఊళ్లు పడిపోతాయి. కాబట్టి టోపోషీట్ చూపించి నోరు మూయించాలని చూడకండి.

కొలవడం రాదా అంటే వచ్చు. శిస్తు కోసమైతే దొరలు కూడా చేను చేనూ కొలిచారు. కోవెలకుంట్ల దత్తమండలాల్లో ఉన్నందుకు 1800 తర్వాత తొలి ఏళ్లలోనే మన్రో సర్వే గొలుసు కిందికి వచ్చింది. కర్నూలు నవాబు కింద ఉన్న నంద్యాల 1839 దాకా తప్పించుకుంది, తర్వాత దానికీ తప్పలేదు. ఇవాళ హద్దుల కోసం కొలవడం లేదా? 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు ఎగరేశారు. ఒకదాని మీద ఒకటి పడేలా తీసిన డ్రోన్ ఫోటోల నుంచి ఎత్తులు కూడా లాగవచ్చు. ఆ సమాచారం ఎక్కడుంది? హద్దు రాళ్లకు పనికొచ్చిన ఫోటో వరద గీతకు పనికి రాదా? గోదావరి దిగువ మైదానాలకు ఎన్.ఆర్.ఎస్.సి. విమానం మీది లేజర్ కొలతలతో వరద నమూనాలు కట్టింది. చాలా సంతోషం, గోదావరి జనమూ మన జనమే. కుందూకు కట్టి ఉంటే చూపండి, కట్టకపోతే ఎందుకు కట్టలేదో చెప్పండి. నెదర్లాండ్స్ దేశం మొత్తాన్ని లేజర్‌తో కొలిచి అర మీటరు గడులను జనం ముందు పెట్టింది. ఇంగ్లండులో 2015 నుంచి పర్యావరణ సంస్థ లైడార్ కొలతలు ఎవరైనా దింపుకోవచ్చు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు జాతీయ జియోస్పేషియల్ విధానంలో 2030 నాటికి మైదానాలకు 25 సెంటీమీటర్ల, కొండలకు 1 నుంచి 3 మీటర్ల ఎత్తుల నమూనా తెస్తామని రాసుకుంది. దేశమంతటా ఒక్కరోజే కాదు కదా. ఏ బేసిన్‌తో మొదలుపెడతారు, కుందూ వంతు ఎన్నోది? రాష్ట్రం రేపు మనదే అయినా, అమరావతి నుంచి ఏలినా, ఈ ప్రశ్నకు జవాబు రాకుండా కుందూ పక్కన ఇటుక మీద ఇటుక పెట్టనివ్వకూడదు.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. రెవెన్యూలో, ఇరిగేషన్లో, మున్సిపాలిటీలో మీ బల్ల మీదికి వచ్చే ప్రతి ముంపు పటం అడుగున నాలుగు సంగతులు లేకపోతే సంతకం ఆపండి: ఏ సమాచారం, ఏ సంవత్సరం, గడి ఎంత, ఎత్తులో లోపం ఎంత. సమాచార హక్కు చట్టం వచ్చి ఇరవై ఏళ్లయింది. దాని 4వ సెక్షన్ ప్రకారం ఇవి ఎవరూ అడగకుండానే బయట పెట్టాల్సినవి. ఊళ్లో అడుగుతున్నారని పైకి రాయండి, మీ మీదికి రాదు.

విద్యార్థులకు ఇంతకన్నా పెద్ద పని ఉంది. 2019 నీళ్లు ఎంతెత్తు వచ్చాయో నంద్యాలలోనూ ఆళ్లగడ్డలోనూ ఇంటింటికీ తెలుసు. గోడ మీద చార ఉన్నచోట చార, లేనిచోట ముసలమ్మ వేలు పెట్టి చూపించే గుర్తు. పాలిటెక్నిక్, ఇంజనీరింగు కాలేజీల సివిల్ ల్యాబుల్లో డంపీ లెవెల్, స్టాఫ్ దుమ్ము పట్టి ఉన్నాయి. దగ్గరి బెంచిమార్కు నుంచి లెవెల్ మోసుకొచ్చి ఒక్కో గుర్తు ఎత్తు సెంటీమీటర్లలో రాయండి. వీధి పేరు, ఇంటి మెట్టు ఎత్తు, నీళ్లు ఏ దిక్కు నుంచి మొదట వచ్చాయి, ఎన్ని గంటలు నిలిచాయి, అన్నీ రాయండి. నూరు గుర్తులు దొరికితే ఏ కన్సల్టెన్సీ పటాన్నైనా నిలబెట్టి అడగొచ్చు: మీ లెక్కలో ఈ మెట్టు దాకా నీళ్లొచ్చాయా, రాలేదా? పండగ పండగకూ గోడలకు సున్నం వేస్తారు, చారలు పోతున్నాయి. చూసినవాళ్లూ పోతున్నారు. వచ్చే వానకారు లోపల చామకాల్వ పక్క వీధులతో మొదలుపెట్టండి, ఆ తర్వాత మద్దిలేరు, ఆ తర్వాత వక్కిలేరు ఊళ్లు. కొలిచినవి మాకు పంపితే వీధి వారీగా అచ్చు వేస్తాం.